జాబితాలు కలవకపోతే నష్టం ఎవరికి?

2023 జులైలో లోక్‌సభలో ఒక ప్రశ్నకి కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి జవాబిచ్చారు. ఆ జవాబులోని అంకెల్ని వ్యవసాయ కూలీ సంఘాల కార్యకర్తలు గుర్తు పెట్టుకోవాలి. ఉపాధి హామీ జాబితాల నుంచి 2021-22లో తీసేసిన పేర్లు 1 కోటి 49 లక్షలు. మరుసటి ఏడాది, అంటే 2022-23లో, తీసేసినవి 5 కోట్ల 18 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 6 లక్షల 25 వేలున్నది 78 లక్షలయింది. తెలంగాణలో 61 వేలున్నది 17 లక్షల 32 వేలయింది.

కారణాలు కూడా ఆ జవాబులోనే వున్నాయి. నకిలీ కార్డులు, ఒకే మనిషి పేరు రెండుచోట్ల ఎక్కడం, పనికి ఇష్టపడకపోవడం, కుటుంబం ఊరు వదిలిపోవడం, మనిషి చనిపోవడం. నకిలీ కార్డులు లేవని ఎవరూ అనరు. వాటివల్ల లాభపడింది కూలీలు కాదు గనక వాటిని తీసెయ్యాలని మొదట అడిగేది కూలీలే. కాని ఒక్క ఏడాదిలో తెలంగాణలో చావులూ వలసలూ 28 రెట్లు పెరిగాయా? ఆంధ్రప్రదేశ్‌లో 12 రెట్లు పెరిగాయా? పని వద్దనేవాళ్లు ఒక్కసారిగా లక్షల్లో పుట్టుకొచ్చారా?

ఊళ్లో మనుషులు అంతగా మారలేదు. మారింది పుస్తకాల సంగతి. సరిగ్గా ఆ ఏడాదే కూలీ పేరుని ఆధార్‌తో జతపరచాలనే ఒత్తిడి పెరిగింది. కూలి డబ్బులు ఆధార్ పద్ధతిలోనే ఇవ్వాలని 2023 జనవరి ఆఖరులో కేంద్రం ఉత్తర్వు పంపింది. గడువు పదేపదే పొడిగించి, చివరికి 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. కింది సిబ్బందికి పైనుంచి రోజూ అడిగే ప్రశ్న ఒకటే: నూటికి ఎంతమందిని జతపరిచారు? జతపడని పేరుని జతపరచాలంటే ఇంటికి పోవాలి, కాగితాలు చూడాలి, బ్యాంకు చుట్టూ తిరగాలి. తీసెయ్యాలంటే ఒక్క మీట నొక్కితే చాలు. జతపడని పేరు జాబితాలోంచి పోతే నూటికి శాతం దానంతటదే పెరుగుతుంది. ఏది జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఒకే సంగతి నాలుగైదు పుస్తకాల్లో రాసి వున్నప్పుడు, ఆ పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవకపోతే ఏది నిజమని ఒప్పుకోవాలి? ఇది కంప్యూటరు ఇంజనీర్ల ప్రశ్న మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇది కూలి ప్రశ్న.

ఒక్క కూలీ, ఆరు పుస్తకాలు

2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది. దాని సంగతి చివర చూద్దాం. ముందు, పాత చట్టం కింద ఒక్క కూలీ వివరాలు ఎన్నిచోట్ల రాసి వుండేవో లెక్కపెడదాం.

ఒకటి, చేతిలో వుండే జాబ్ కార్డు. రెండు, పనిచోట మస్టరు. 2023 జనవరి 1 నుంచి ఇది మేటు చేతిలోని సెల్‌ఫోన్‌లోకి పోయింది. ఎన్.ఎం.ఎం.ఎస్. అనే యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫొటో తియ్యాలి. మూడు, మండలాఫీసులో మొదలై ఢిల్లీ దాకా వుండే కంప్యూటరు జాబితా. నాలుగు, ఆధార్. ఐదు, బ్యాంకు ఖాతా. ఆరు, ఏ ఆధార్ నెంబరుకి వచ్చిన డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో చెప్పే జాబితా. ఇది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర వుంటుంది. మ్యాపర్ అంటారు. ఈ ఆరోదాన్ని కూలీ ఎన్నడూ చూసి వుండడు. అది వున్నట్టు కూడా చాలామందికి తెలియదు.

పార పట్టుకుని మట్టి తవ్విన మనిషి ఒక్కడే. కాని ఆ ఆరు పుస్తకాలూ ఒకే మాట చెబితేగాని కూలి డబ్బు ఇంటికి రాదు. అయిదు ఒకటి చెప్పి ఆరోది వేరే చెబితే డబ్బు ఆగిపోతుంది. అంటే ప్రతి పుస్తకానికీ కూలిని ఆపగల శక్తి వుంది. ఇప్పించగల శక్తి మాత్రం ఏ ఒక్కదానికీ లేదు.

కరణం పుస్తకం, జమాబందీ

అలాగయితే పుస్తకం ఒక్కటే వుంటే మంచిదా? ఆ కాలమూ మన పెద్దలు చూశారు. ఊరి లెక్క కరణం ఇంట్లో వుండేది. ఎవరి భూమి ఎంత, ఎవరి సాగులో ఏది వుందీ ఆయన రాసిందే రాత. రైతు దగ్గర రెండో ప్రతి వుండేది కాదు. కౌలుదారు పేరు ఒక ఏడాది అడంగల్‌లో కనిపించి, మరుసటి ఏడాది కనిపించకపోతే, నిన్నటిదాకా వుంది అని చూపించడానికి చేతిలో కాగితం ముక్క వుండేది కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాల్ని రద్దు చేసినప్పుడు పల్లెల్లో అంత సంచలనం కలగడానికి కారణం అదే. ఒక్క ప్రతి అంటే ఒక్క మనిషి పెత్తనం.

కాబట్టి ప్రతులు ఎక్కువ వుండడం తప్పు కాదు, అవి అవసరం. ఒకటి కాలిపోయినా, తడిసినా, ఎవడన్నా దిద్దినా రెండోది సాక్ష్యం చెబుతుంది. అయితే రెండో ప్రతి వున్నప్పుడు రెండిటినీ సరిచూసే పద్ధతి కూడా వుండాలి. పాత రెవెన్యూ పాలనలో ఎన్ని దుర్మార్గాలున్నా, దీనికి ఒక ఏర్పాటు వుండేది. దాని పేరు జమాబందీ. ఏడాదికొకసారి ఊరి లెక్కల్ని పై ఆఫీసు లెక్కలతో పక్కపక్కన పెట్టి, తేడాలు పట్టి, తేల్చి, సంతకాలు చెయ్యడం. అది సర్కారు శిస్తు సర్కారుకి పోకుండా వుండకూడదని పెట్టుకున్న ఏర్పాటు. శిస్తు కోసం సరిచూసుకోవడం సర్కారుకి వందల ఏళ్లుగా తెలుసు. మరి కూలి కోసం సరిచూడ్డం ఎందుకు తెలియదు?

ఎందుకు కలవవు?

తేడాలు వచ్చే దారులు నాలుగైదున్నాయి. వాటిని విడివిడిగా తెలుసుకుంటేనే ఆఫీసులో నిలబడి అడగగలం.

మొదటిది పేరు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లీషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. ఇంకొకరు ఆ మూడింటి బదులు ఎక్స్ పెట్టి రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు వుంటుంది, బ్యాంకులో వెనక వుంటుంది, జాబ్ కార్డులో అసలుండదు. ఒక పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకో పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు. ఊళ్లో అందరికీ ఆ మనిషి ఎవరో తెలుసు. యంత్రానికి మాత్రం ముగ్గురు వేరువేరు మనుషులు. అందుకే ఈ చిక్కు మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ. వాళ్ల ఇంటిపేరు మధ్యలో మారుతుంది గనక.

రెండోది గుర్తులు మారడం. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాల్ని 31 చేశారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాల్ని 26 చేశారు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకుని యూనియన్ బ్యాంకులో కలిపారు, ఏడాది తర్వాత పాత ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్లు చెల్లకుండా పొయ్యాయి. 2025లో గ్రామీణ బ్యాంకుల్ని ఒక్కో రాష్ట్రానికి ఒక్కటిగా కలిపారు. ఊరు ఎక్కడికీ కదల్లేదు, ఖాతాలో మనిషీ మారలేదు. కాని ఊరి జిల్లా, బ్యాంకు పేరు, కోడు మారాయి. ఒక పుస్తకంలో మారి, ఇంకోదాంట్లో మారకపోతే పంపిన డబ్బు వెనక్కి పోతుంది. మార్చింది ప్రభుత్వం, దిద్దించుకోవలసింది కూలీ!

మూడోది ఆలస్యం. పనిచోట సిగ్నల్ వుండదు. ఫొటో ఫోన్‌లోనే వుండి, సిగ్నల్ దొరికినప్పుడు పైకి పోతుంది. ఆ మధ్య కాలంలో పనిచోట లెక్క ఒకటి, ఆఫీసు లెక్క ఇంకోటి. ఇది తప్పు కాదు. దూరంగా వున్న రెండు పుస్తకాలు ప్రతి క్షణమూ ఒకేలా వుండడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. తప్పు ఎక్కడంటే, ఆలస్యంగా వచ్చిన లెక్కని రాని లెక్క కింద కొట్టెయ్యడంలో. పొద్దుటి ఫొటో వెళ్లి సాయంత్రం ఫొటో వెళ్లకపోతే, ఆ మనిషి ఎండలో చేసిన పని ఏమయినట్టు?

పోనీ ఫొటోనే తిరుగులేని నిజమా అంటే అదీ కాదు. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ 2025 జులైలో కేంద్ర శాఖే రాష్ట్రాలకు రాసింది. యంత్రంలో వున్నది కూడా ఒక ప్రతే. దానికి తప్పులు రావని ఎక్కడా రాసి లేదు.

చివర రాసిందే నిజమా?

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. రెండు పుస్తకాలు రెండు మాటలు చెప్పినప్పుడు తీర్పు ఎవరిది? కంప్యూటరు పద్ధతుల్లో తరచుగా వాడే సులువైన నియమం ఒకటుంది: చివర రాసిందే చెల్లుతుంది. ఇందులో న్యాయం చూడరు, గడియారం చూస్తారు.

మ్యాపర్ సరిగ్గా ఈ నియమంతో నడుస్తుంది. ఒక ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు జతపడితే డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. ఒక కూలీ తల్లికి ఊరి బ్యాంకులో పదేళ్లుగా ఖాతా వుందనుకుందాం. ఎవరో ఏజెంటు వచ్చి, ఏదో పథకం వస్తుందని వేలిముద్ర వేయించుకుని వేరే బ్యాంకులో ఖాతా తెరిచాడు. ఆ కొత్త ఖాతా ఆధార్‌తో జతపడింది. ఇక ఆమె కూలి ఆ కొత్త ఖాతాలోకి పోతుంది. ఆమె పాత పాసుపుస్తకం పట్టుకుని ఊరి బ్యాంకుకి నాలుగుసార్లు తిరుగుతుంది. బ్యాంకువాళ్లు పడలేదంటారు, మండలాఫీసువాళ్లు పంపామంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! అబద్ధమాడింది ఆ నియమం. ఆమెని ఎవరూ అడగలేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. మారింది అని ఒక చీటీ ముక్క కూడా చేతికి రాలేదు.

కూలి ఆలస్యమైతే పాత చట్టం కింద పరిహారం వుండేది. 15 రోజులు దాటితే, బాకీ కూలి మీద రోజుకి 0.05 శాతం. 3,000 రూపాయలు రావలసినవాడికి రోజుకి రూపాయిన్నర, నెలకి 45 రూపాయలు. ఒకసారి మండలానికి పోయి రావడానికి కూడా చాలదు. అదయినా, డబ్బు పంపాం అని ఆఫీసు పుస్తకంలో పడ్డాక ఆలస్యం ఎక్కడుందని ఎదురు ప్రశ్న.

లేకపోవడం వేరు, తీసెయ్యడం వేరు

ఐదో దారి జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 5 కోట్ల పేర్ల గుట్టు ఇక్కడే వుంది.

ఒక పేరు ఈ పుస్తకంలో వుంది, ఆ పుస్తకంలో లేదు. దాని అర్థమేమిటి? రెండర్థాలు వుండొచ్చు. ఆ పేరు అక్కడికి ఇంకా చేరలేదు అని ఒకటి. చేరింది, తర్వాత ఎవరో తీసేశారు అని రెండోది. ఖాళీ జాగాని చూసి ఏది నిజమో చెప్పలేం. మొదటిదయితే పేరు ఎక్కించాలి. రెండోదయితే రెండో పుస్తకంలో కూడా తీసెయ్యాలి. పొరపాటు పడితే బతికున్నవాడి పేరు పోతుంది, లేదా చచ్చిపోయినవాడి పేరు మళ్లీ మళ్లీ బతికొస్తుంది.

అందుకని లెక్క తెలిసినవాళ్లు పేరుని చెరిపెయ్యరు. పేరుని అలాగే వుంచి, దాని పక్కన ఫలానా తేదీన, ఫలానా కారణంగా, ఫలానావారు తీసివేశారు అని రాస్తారు. ఆ రాత కూడా మిగతా రాతల్లాగే అన్ని పుస్తకాలకీ పోతుంది. పాత చట్టం రెండో షెడ్యూలులో కూడా ఇలాంటి రక్షణ వుండేది. తప్పుడు సమాచారంతో పేరు ఎక్కించుకున్నాడని పంచాయతీకి అనిపించినా, ఇద్దరు స్వతంత్రుల ఎదుట ఆ మనిషి చెప్పేది వినకుండా పేరు కొట్టెయ్యడానికి వీల్లేదు. 5 కోట్ల 18 లక్షల మందిలో ఎందరిని అట్లా పిలిచి అడిగారు? మీ ఊళ్లో ఎవర్నన్నా పిలిచారా? ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వెయ్యాలి.

పక్కపక్కన పెట్టి చదవడం

తేడాలు పట్టే పని ఆఫీసులకి వదిలెయ్యకుండా జనమే చేసిన చరిత్ర మన దేశంలో వుంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సున్వాయీ జరిపింది. చేసిందల్లా ఏమిటి? ప్రభుత్వ లెక్కల్లో రాసి వున్నదాన్ని జనం మధ్య పైకి చదవడం. ఆ పేరుగల మనిషి లేచి, నేను పని చేశాననో చెయ్యలేదనో చెప్పడం. ఒక పక్క కాగితం, ఇంకో పక్క జనం జ్ఞాపకం. ఆ రెండిటినీ కలిపి చూస్తే దొంగ లెక్క బయటపడింది. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఆ ఉద్యమం వుంది.

మన దగ్గర కూడా, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయినప్పటి నుంచి సామాజిక తనిఖీ అనే మాట పల్లెల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. ఇంటింటికీ పోయి కార్డూ మస్టరూ పక్కపక్కన పెట్టి చూసి, ఊరి సభలో చదివారు. వసూలు కావలసినదంతా వసూలు కాలేదు, శిక్షలూ అంతంత మాత్రమే. అయినా ఆ పద్ధతిలో ఒక గొప్ప విషయం వుంది. రెండు ప్రతులు కలవనప్పుడు తీర్పు గడియారానికి వదల్లేదు, సభకి పెట్టారు.

ఇప్పుడు మస్టరు ఫోన్‌లోకి పోయిన తర్వాత, కార్డులో పనిదినాలు రాయడమే చాలాచోట్ల మానేశారు. చేతిలో ప్రతి ఖాళీగా వుంటే దేన్ని దేనితో సరిచూస్తారు? ఆరు పుస్తకాల్లో కూలీ చేతిలో వుండేది ఒక్కటే. అదే ఖాళీ!

మన సంఘం పుస్తకం

ఆఫీసుని అడగడం ఒక సగం. మన లెక్క మనం పెట్టుకోవడం రెండో సగం. చాలా ఊళ్లల్లో సంఘానికి ఒక నోటుబుక్కు, ముగ్గురు నలుగురు కార్యకర్తల ఫోన్లలో ఒక పట్టీ వుంటున్నాయి. ఊళ్లో 180 కార్డులున్నాయనుకుందాం. ముగ్గురు కార్యకర్తలు, మూడు ఫోన్లు. మొదటిరోజు మూడు పట్టీలూ ఒకటే. ఒకరు మాలపల్లెలో నాలుగు పేర్లు చేర్చారు, ఒకరు వడ్డెర కాలనీలో రెండు ఖాతాలు దిద్దారు, మూడోవారు చనిపోయినవారి పేరొకటి చెరిపేశారు. మూడు వారాలయ్యేసరికి మూడు పట్టీలూ మూడు రకాలు. అప్పుడు ఒకరి పట్టీని ఇంకొకరి ఫోన్‌లోకి పంపితే, వచ్చింది వున్నదాని మీద కూర్చుంటుంది, ఒకరి పని మొత్తం పోతుంది. ప్రభుత్వంలో ఏ రోగం వుందో మన జేబులోనూ అదే రోగం. దీనికి మందు కష్టమైనది కాదు. ఆరు నియమాలు పెట్టుకుంటే చాలు.

ఒకటి. మనిషికో నెంబరు ఇవ్వండి. సంఘం ఇచ్చే సొంత నెంబరు. పేరు మారినా, ఇంటిపేరు మారినా, జిల్లా మారినా, బ్యాంకు మారినా ఆ నెంబరు మారకూడదు. ఆ మనిషి పోయినా దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. మూడు పట్టీల్నీ కలపవలసింది ఈ నెంబరుతోనే, పేరుతో కాదు.

రెండు. చెరపొద్దు, కొత్త వరస రాయండి. పాత ఖాతా నెంబరు మీద కొత్తది దిద్దకుండా, కింద ఇంకో వరస: ఏ మనిషి, ఏం మారింది, ఏ రోజున, ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు. ప్రతి కార్యకర్తా తను రాసే వరసలకి 1, 2, 3 అని వరస నెంబర్లు వెయ్యాలి. అప్పుడు పట్టీ మొత్తం పంపుకోనక్కర్లేదు. నీ దగ్గర్నుంచి నాకు 14 దాకా వచ్చాయి, 15 నుంచి పంపు అంటే చాలు. ఏదన్నా మధ్యలో తప్పిపోతే నెంబరు చూస్తేనే తెలిసిపోతుంది. పేరు తీసివేత కూడా ఇట్లాగే ఒక వరస కావాలి, ఖాళీ జాగా కాకూడదు.

మూడు. ఒక వాడకి ఒక్కరే రాయాలి. ఆ వాడ మనుషుల వరసలు ఆ వాడ బాధ్యుడో బాధ్యురాలో మాత్రమే మార్చాలి. మిగతావాళ్లకి ఏదన్నా తెలిస్తే వారికి చెప్పాలి. ఒకే మనిషి వివరాలు ఇద్దరు రెండు రకాలుగా రాసే గొడవ ఇక్కడే చాలావరకు తీరుతుంది. ఊళ్లో వాడలున్నన్ని బాధ్యతలు పంచొచ్చు.

నాలుగు. అయినా రెండు వరసలు తగాదా పడితే, ఫోన్‌లో గంట చూసి తేల్చొద్దు. ఒక ఫోన్‌లో టైము ముందుంటుంది, ఒకదాంట్లో వెనకుంటుంది. రెండు వరసల్నీ వుంచి, పక్కన తేలలేదు అని రాసి, ఆ మనిషినే పోయి అడగాలి. ఇది వూరు. అడగాల్సిన మనిషి నాలుగిళ్ల అవతల వుంటుంది.

ఐదు. వారానికోసారి సరిచూడండి. 180 వరసలు ప్రతిసారీ చదవనక్కర్లేదు. వాడవారీగా మనుషులెందరు, పనిదినాలెన్ని, రావలసిన డబ్బెంత అని మూడు మొత్తాలు వేసి మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టండి. ఏ వాడ మొత్తం కలవదో ఆ వాడ ఒక్కటే విప్పి చూడండి. అయితే ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ పడి మొత్తం కలిసినట్టు కనిపించొచ్చు. అందుకని మూడు నెలలకోసారి వాడలో కూర్చుని పేరు పేరునా పైకి చదవాలి. చదువురానివాళ్లు కూడా తమ లెక్క తప్పుంటే చెవితో పట్టేస్తారు.

ఆరు. కలిసిన ప్రతులు వేరు, దాచిన ప్రతి వేరు. ఇది చాలామంది మర్చిపోతారు. మూడు ఫోన్లూ ఎప్పుడూ ఒకేలా వుంటే, ఒకదాంట్లో పడ్డ తప్పు మూడింట్లోకీ పోతుంది. ఒకరు పొరపాటున వాడ మొత్తం చెరిపేస్తే మూడింట్లోనూ చెరిగిపోతుంది. కాబట్టి నెల మొదటి తారీఖున కాగితం మీద అచ్చు తీసి, తేదీ వేసి, ఇద్దరు సంతకాలు చేసి దాచాలి. దాని మీద మళ్లీ ఎవరూ రాయకూడదు. రేపు అధికారి ముందు సాక్ష్యం చెప్పేది అదే.

ఇంకో జాగ్రత్త కూడా వుంది. ఆధార్ నెంబర్లు మన పట్టీలో పెట్టొద్దు. జతపడిందా లేదా అన్న మాట చాలు. ఎన్ని ప్రతులుంటే అన్నిచోట్ల నుంచి బయటికి పొయ్యే అవకాశం వుంటుంది. పోగొట్టుకున్న ఒక్క ఫోన్‌తో 180 కుటుంబాల వివరాలు ఏ ఏజెంటు చేతిలోనో పడొచ్చు.

కొత్త చట్టం, పాత జాబితా

2025 డిసెంబరులో పార్లమెంటు వికసిత్ భారత్ పేరుతో తెచ్చిన కొత్త చట్టంలో పనిదినాలు 100 నుంచి 125కి పెంచామన్నారు. ఖర్చులో రాష్ట్రాల వాటా 40 శాతం చేశారు, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజులు పథకం పని ఆపుకోవచ్చన్నారు. వీటి మంచిచెడ్డలు వేరే చర్చించాలి. ఇక్కడ చెప్పవలసింది ఒకటి. 125 రోజులైనా 100 రోజులైనా జాబితాలో పేరున్నవాడికే. పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకంలోకి పేర్లు ఎక్కించే కాలమే కూలీకి అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం. పాతదాంట్లో తేడా వున్న ప్రతి పేరూ అప్పుడు ఒక సాకు అవుతుంది. కలవని పేరుని దిద్ది ఎక్కిస్తారా, వదిలేసి పోతారా? వదిలేస్తే అడిగేవాడు లేకపోతే వదిలేస్తారు. 2022-23 నేర్పిన పాఠం ఇదే.

కాబట్టి ప్రతి మండలాఫీసు ముందూ పెట్టవలసిన కోర్కెలు స్పష్టంగా వుండాలి.

పుస్తకాలు కలవనంతకాలం పని ఇవ్వాలి, చేసిన పనికి కూలి ఇవ్వాలి. దిద్దే బాధ్యత పుస్తకాలు పెట్టినవాళ్లది. ఇందుకు కూలీని తిప్పకూడదు.

చేసిన పని చేతిలో కార్డులో ఆ వారమే రాసి సంతకం చెయ్యాలి. కంప్యూటరుకీ కార్డుకీ తేడా వస్తే, కార్డు తప్పని రుజువు చెయ్యవలసింది ఆఫీసు.

మనిషిని పిలిచి వినకుండా, గ్రామసభలో చదవకుండా ఏ పేరూ తీసెయ్యకూడదు. తీసేసిన ప్రతి పేరు పక్కన ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీశారో గోడ మీద అంటించాలి.

డబ్బు పొయ్యే బ్యాంకు మారితే, మారిన రోజునే కూలీకి తెలుగులో రాతమూలకంగా తెలియజెయ్యాలి. మళ్లీ పాత బ్యాంకుకి మార్చుకునే ఏర్పాటు ఊళ్లోనే వుండాలి.

వీటిలో ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక కాదు. భూస్వామి దగ్గర పాలేరు కూడా తన కూలి గింజల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేవాడు. ఆసామి పుస్తకం ఒకటి చెబితే తన గోడ చూపించేవాడు. ఆసామి ఒప్పుకునేవాడా లేదా అన్నది ఆ పాలేరు వెనక ఎంతమంది నిలబడ్డారన్న దాన్నిబట్టి వుండేది. ఇప్పుడు ఆసామి పుస్తకం ఢిల్లీలో వుంది. మన గోడ మనకి కావాలి, దాని వెనక మనుషులూ కావాలి.

ఈ నెల్లోనే ప్రతి ఊరి సంఘమూ ఒక పని మొదలుపెట్టాలి. కాగితం మీద మూడు గళ్లు గీసి, కార్డులో ఏముంది, ఆఫీసు కంప్యూటరులో ఏముంది, బ్యాంకులో ఏముంది అని ఒక్కొక్క కుటుంబానికీ రాయాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. మూడు గళ్లూ కలవని పేర్లన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఒక్కొక్కరుగా కాకుండా అందరూ కలిసి ఒకే రోజున ఎంపీడీవో ఆఫీసుకి పోవాలి. ఒక్క లక్ష్మి పోతే రేపు రమ్మంటారు. నూరుమంది కలిసి పోతే పుస్తకం తెరుస్తారు.